ఆషాఢంలో కొన్న డ్రిల్లు

మా ఆయన ఊరందరికీ ముహూర్తాలు పెట్టే పురోహితుడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడ్డాక, ఆయన్ని బాత్రూముకి నేనే నడిపించేదాన్ని. లోపల ఉన్నంతసేపూ సిగ్గుతో కళ్ళు మూసుకునేవారు. కట్టుకున్న పెళ్ళాం ముందు అంత సిగ్గేమిటో! నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది. గోడకి ఒక స్టీలు పిడి ఉంటే, పట్టుకుని తానే వెళ్ళొస్తానన్నారు.

ప్లంబరు రేపు, మాపు అని తిప్పుతుంటే విసుగొచ్చి, నరసన్నపేట వెళ్ళి డ్రిల్లు నేనే కొన్నాను. మాది పాత రాతిగోడ, దాని మీద టైల్సు అతికించాం. ఆ మాట చెప్పగానే కొట్టాయన బ్యాటరీ డ్రిల్లు పక్కన పెట్టేశాడు.

"అది సేతికి తేలికే గానీ రాతికి సాలదమ్మా. వైరున్నదే పట్టుకెళ్ళండి. టైలు మీద మాత్రం ఈ హేమర్ మీట ఎయ్యకండి, పగిలిపోతాది. ముందు ఈ టైలు బిట్టెట్టి నెమ్మదిగా తిప్పండి. రాయి తగిలినాక బిట్టు మార్సి, అప్పుడు హేమర్ ఎయ్యండి."

డ్రిల్లు చూసి మా ఆయన మురిసిపోయారు. నేను నడుం పట్టుకుంటే గోడ దగ్గర నిలబడి, పిడి ఎక్కడుండాలో పెన్సిలుతో తానే గీత గీశారు. తీరా నేను ప్లగ్గు పెట్టబోతే ఆపేశారు.

"ఆషాఢంలో గోడకి కన్నం పెడతామా? శ్రావణం రానీ."

"ఇదేమైనా గృహప్రవేశమా? పిడండీ."

"ఊళ్ళో వాళ్ళకి వద్దని చెప్పి, మనింట్లో మనం చేస్తామా?"

పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. డ్రిల్లు అటకెక్కింది.

ఆషాఢం ఇంకా వెళ్ళలేదు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, నన్ను పిలవకుండా ఒక్కరే బాత్రూముకి వెళ్ళారు. చప్పుడు విని పరిగెత్తాను. ఆ గీత కిందే పడి ఉన్నారు. ఆసుపత్రి నుంచి ప్రాణంతో తిరిగి రాలేదు.

కర్మకాండ అయ్యాక, శ్రావణంలో డ్రిల్లు దించాను.

"ఇప్పుడెవరికి వదినా?" అంది మా ఆడపడుచు.

ప్లగ్గు పెట్టాను. కొట్టాయన చెప్పినట్టే తిప్పాను. టైలు బీటైనా వారలేదు, కాసేపట్లో పని అయిపోయింది. ఇంతమాత్రం పనికా మహానుభావా మంచిరోజు చూశారు అని, ఆ గోడనే పట్టుకుని ఏడ్చాను.

ఆయన పొడగరి. ఆ పిడి అందుకోవాలంటే నేను చెయ్యి పైకెత్తాలి. వాడుకునేది నువ్వే కదా, కాస్త కిందికి పెట్టుకోమంది ఆడపడుచు. ఆయన గీసిన చోటే ఉంచాను.