మాస్టారి తలుపు మీద పలక

మా మాస్టారు పోయిన మంగళవారం ఉదయం ఢిల్లీ ద్వారకలో తమ ఇంట్లోనే కన్నుమూశారు. శనివారానికల్లా, ఆయన జీవితమంతా వద్దనుకున్న ఇంటిపేరును పాలరాతి మీద చెక్కించి సంఘం గ్రంథాలయం గోడకు ఆనించారు. ఈ పని చేసింది మన తెలుగు సంఘం కార్యదర్శిగారు. వచ్చే ఆదివారం ఆవిష్కరణ అట.

మెత్తగా రాయరా అన్నారు మా నాన్న. మెత్తగా రాయడం నాకు చేతకాదు. నేను అచ్చేయించే కరపత్రాలు చూసి మాస్టారు కూడా అదే అనేవారు. "ఇందులో కోపం ఉంది, కారణం ఏ పేజీలో ఉందిరా?" అని కళ్ళజోడు పైకి నెట్టుకునేవారు.

ఆయన ముప్పై ఏళ్ళు ఢిల్లీలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. రిటైరయ్యాక మా అపార్టుమెంట్ల సొసైటీ పిల్లలకు తన భోజనాల బల్ల దగ్గర చెప్పారు. వాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నా, సెలవు దొరికితే మా ఇంటికన్నా ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్ళేవాణ్ణి.

మా సొసైటీలో తలుపు తలుపుకీ ఇత్తడి నేమ్‌ప్లేటు మెరుస్తుంటుంది. పేరు, హోదా, పక్కన రిటైర్డ్. మాస్టారి తలుపుకు మాత్రం చిన్నపిల్లలు దిద్దుకునే పలక వేలాడేది. దానిమీద బలపంతో ఆయన పేరు, ఒట్టి పేరు. పనమ్మాయి తలుపు తుడిచినప్పుడల్లా చెరిగిపోయేది. మళ్ళీ రాసేవారు. "చెరిగితేనేం, చెయ్యి ఇంకా ఆడుతోందిగా" అనేవారు.

ఊరినుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన తెలుగువాళ్ళు ఆయన్ని చూడటానికి వచ్చేవారు. కాఫీ సగమయ్యేసరికి ఆ ప్రశ్న రానే వచ్చేది.

"ఇంతకీ మాస్టారూ, మీ ఇంటిపేరు?"

"కిర్బీ."

"అదేమిటండీ, క్రైస్తవులా?"

"కాదండీ, డేన్లం."

ఆంటీ, అంటే మాస్టారి భార్య, వంటింట్లోంచి నవ్వేవారు. మాస్టారు లేచి, దరియాగంజ్ ఆదివారం బజారులో కొన్న పాత నిఘంటువు తెచ్చేవారు. దాని మొదటి పేజీలో ఎవరో దొర సిరాతో కిర్బీ అని సంతకం చేసుకున్నాడు. ఆ సంతకం మీద వేలు పెట్టి చెప్పేవారు. వెయ్యేళ్ళకు పైమాట. డెన్మార్కు వైపునుంచి పడవల్లో వచ్చినవాళ్ళు ఇంగ్లండును దోచుకున్నారు. కొందరు అక్కడే ఆగిపోయి నాగలి పట్టారు. వాళ్ళ భాషలో చర్చి ఉన్న ఊరు కిర్బీ. అలాంటి ఊళ్ళు అక్కడ బోలెడు. తర్వాతెప్పుడో, పన్నులు రాసుకునే గుమాస్తాలకు ఒకే పేరున్నవాళ్ళు పదిమంది తగిలారు. ఏ జాన్? కిర్బీ నుంచి వచ్చిన జాన్. అలా రాసుకున్నారు. అదే కొడుక్కీ మనవడికీ అంటుకుంది.

నావైపు తిరిగి, "గమనించావా? కిర్బీలో ఉన్నవాణ్ణి కిర్బీ అని ఎవడూ పిలవడు. వదిలి వచ్చినవాడికే ఆ పేరు. మన ఇంటిపేర్లలోనూ ఎన్నో ఊళ్ళ పేర్లే. దారి నడిచినవాడి గుర్తురా అది. దాన్ని పట్టుకొచ్చి మనం తలుపుకు గొళ్ళెం చేశాం."

"అయితే ఇంటిపేర్లన్నీ తగలబెట్టాలి మాస్టారూ!"

"తగలబెట్టకు. ఏ ఊరో కనుక్కో."

ఒక్కసారే అడిగాను, మీది ఎందుకు వదిలేశారని. ఉద్యోగం దొరికి ఢిల్లీకి వచ్చినప్పుడు ఆయన, ఇంకో కుర్రాడు ఒకే రైల్లో వచ్చారట. కరోల్‌బాగ్‌లో ఒక తెలుగాయన మేడమీద గది ఖాళీగా ఉందంటే ఇద్దరూ వెళ్ళారు. ఆయన ఇంటిపేర్లు అడిగాడు. మాస్టారికి గది ఉంది, రెండోవాడికి లేదు. "నేను వాడితో తిరిగి రాలేదురా. ఆ గదిలోనే దిగాను. రెండేళ్ళున్నాను. వాడు ఎటు పోయాడో నాకు తెలీదు." ఆ తర్వాత ఎక్కడా తన ఇంటిపేరు చెప్పలేదు. పింఛను పుస్తకంలో మాత్రం పోలేదు.

ఇక నా సంగతి. మంగళవారం మధ్యాహ్నం శ్మశానం దగ్గర కాగితాల కోసం ఆ పింఛను పుస్తకం నా చేతిలో ఉంది. కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "బేటా, పెద్దాయన పూర్తిపేరు చదువు." చదివాను. అక్షరం అక్షరం చదివాను. "అచ్ఛా!" అన్నారాయన. ఆ సంతోషం ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

శనివారం రాయి చూసి కార్యదర్శిగారి గదికి వెళ్ళాను.

"ఇంటిపేరు లేకపోతే ఎవరని తెలుస్తుందయ్యా? ఇన్నాళ్ళూ మనవాడని తెలియనే లేదు!"

"మనవాడంటే ఎవరి వాడు సర్?"

"ఎందుకలా అరుస్తావు? రాయి చెక్కడం అయిపోయింది. చెప్పింది నువ్వే కదా?"

ఆయన్ని తిట్టడానికి సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ నామీదికే తిరిగాయి. అడగ్గానే అప్పగించాను. మాస్టారు ఆ గదిలో దిగినట్టే.

ఆంటీ దగ్గర ఒప్పుకున్నాను. "ఆయనైతే నవ్వేసేవారు నాన్నా, నాకు నవ్వు రావట్లేదు" అన్నారు. కాసేపాగి, "ఆయన తన తప్పు నీ ఒక్కడికే చెప్పారు. నువ్వు అందరిముందూ చెప్పగలవా?" అని అడిగారు.

అందుకే పిలుస్తున్నాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం గేటు దగ్గరికి రండి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, ఆయనతో కాఫీ తాగినవాళ్ళు, అందరూ. రాయి పగలగొట్టడానికి కాదు. చెయ్యి దురదపెడుతోంది, అయినా కాదు. పరదా తీయకముందే లేచి, ఆ పేరు అప్పగించింది నేనేనని చెప్తాను. మాస్టారు వద్దన్న పేరు ఆ గోడకు వద్దని అడుగుతాను. వినకపోవచ్చు. నాతోపాటు మీరూ నిలబడి అడగండి.

మంగళవారం నుంచి ఆంటీ ఆ తలుపు తుడవనివ్వడం లేదు. పలకమీద చివరిసారి రాసిన పేరు ఇంకా ఉంది, మొదటి అక్షరం తలకట్టు మాత్రం కాస్త రాలింది. పది గంటలకు ఆమె దాన్ని గుండెకు ఆనించుకుని గేటు దగ్గరికి వస్తారు, చీర తగిలి చెరిగిపోకుండా, రాసిన వైపు బయటికి పెట్టి.