అన్న మాట్లాడిన నాలుగు నిమిషాలు

మొన్న సోమవారం ఆఫీసు మీటింగులో ముంబయి నుంచి చీరలు కొనే పెద్దమనిషి ఒకాయన కంప్యూటరు తెర మీద తెగ మాట్లాడేశాడు. చేతులు తిప్పాడు, నవ్వాడు, ఒకచోట కోప్పడ్డాడు కూడా. తీరా చూస్తే మైకు వేసుకోలేదు. తెర మీద ఉన్నవాళ్లంతా చెవులు చూపించి, వినపడటం లేదని చేతులు ఊపారు. ఆయన నాలుక కరుచుకుని మైకు వేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మంచినీళ్లకని లేచి బయటికొచ్చి, మెట్ల దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

కరోనా మొదటి ఏడు మేం సూరత్‌లో పాండేసరలో ఉండేవాళ్లం. రెండు గదుల్లో అన్న, వదిన, నేను. అన్న ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. ఇరవయ్యారేళ్లు ఎనిమిది సాంచాల మధ్య నిలబడి, ఆ జీతంతోనే నన్ను డిగ్రీ దాకా చదివించాడు. సాంచాల చప్పుడులో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. అన్న ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. ఉప్పు కావాలంటే వదినకు రెండు వేళ్లు నలిపి చూపించేవాడు, మాట్లాడితే మాత్రం వీధి చివరికి వినపడేది. ఒక చెవి అప్పటికే పోయింది. ఆ చప్పుడులోంచి బయటపడకపోతే రెండోది కూడా ఉండదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అన్న తలూపి మర్నాడు మామూలుగా పనికి వెళ్లాడు, వేరే పని ఎవరిస్తారు గనక?

లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగిపోయాయి. రంగుల మిల్లుల పొగగొట్టాలు కూడా ఆగి, ముక్కు మండించే ఆ వాసన పోయి, పాండేసరలో మొదటిసారి పక్కింటి పోపు వాసన తెలిసింది. నేను బట్టల మార్కెట్లో చీరల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు రాసేవాణ్ణి. ఇకమీదట బయటి రాష్ట్రాలకు ఫోన్ల మీదే అమ్మకాలనీ, ఇంగ్లీషు మాట్లాడగలిగినవాళ్లనే ఉంచుకుంటాననీ సేఠ్ కబురుపెట్టాడు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. నోరు తెరిస్తే మాత్రం రాదు. అప్పుడే హజీరాలో పనిచేసే తెలుగు ఇంజనీరు ఒకాయన ఫోనులో ఇంగ్లీషు సాధన నడుపుతున్నాడని తెలిసి చేరాను. ఆయనతో కలిపి తెరమీద ఎనిమిది మంది, నాతో తొమ్మిది. రోజూ సాయంత్రం ఆరింటికి అరగంట సేపు తెలుగు మాట రాకూడదు. రోజుకు ఐదు కొత్త మాటలు, ఒక్కోదానితో మన బతుకు గురించే ఒక వాక్యం చెప్పాలి. తలుపులేసుకుని కూర్చున్నవాడికి వాక్యానికి సరిపడా బతుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఇంట్లో ఆలుగడ్డలు అబండెంట్‌గా ఉన్నాయని చెప్పి శెభాష్ అనిపించుకున్నాను. వదినకు ఆ మాట నచ్చి, వారం రోజులు ఆలుగడ్డ కూరను అబండెంట్ అనే పిలిచింది.

నాలుగో రోజు వచ్చిన మాట ప్రాపర్టీ. దానికి మా రెండు గదుల్లో ఏ వస్తువూ సరిపోలేదు. నా వంతు వచ్చేసరికి కంగారులో, మా కుటుంబానికి ఎనిమిది సాంచాలు ఉన్నాయని చెప్పేశాను. వ్యాకరణం ఎక్కడా తప్పలేదని ఇంజనీరుగారు మెచ్చుకున్నారు. ఉదాహరణకు చెప్పిన వాక్యం నా నెత్తిన కూర్చుంది. మర్నాటి నుంచి అందరూ మీ లూమ్స్ ఎలా ఉన్నాయని అడగడం, ఆ అడగడం నాకు బాగుండటం. ఆ మాట దాచిపెట్టడం ఎందుకు, నాకు చాలా బాగుండేది.

రెండు వారాల తర్వాత ఇంజనీరుగారు ఒక సంగతి చెప్పారు. వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల కాగితాలు చూసుకునేందుకు నమ్మకమైన మనిషి కావాలట. గేటు మిషన్లకు దూరం, చప్పుడు ఉండదు. పెద్ద చదువు అక్కర్లేదు, వచ్చే డ్రైవర్లు అన్ని రాష్ట్రాల వాళ్లు కనక నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడగలిగితే చాలు, ఎవరన్నా ఉంటే ఈ సాధనలోనే ఒకసారి మాట్లాడించమన్నారు. నాకు వెంటనే అన్న చెవి గుర్తొచ్చింది. మా సాంచాల్లో పనిచేసే మనిషి ఒకాయన ఉన్నాడండీ అన్నాను. మా అన్న అనడానికి నోరు రాలేదు.

అన్న పది రోజులు పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఉల్లిపాయలు కోస్తూ, బట్టలు ఆరేస్తూ, నా పేరు ఇది, నా వయసు ఇంత, ఇరవయ్యారేళ్లుగా సాంచాలు నడుపుతున్నాను అని ఇంగ్లీషులో అప్పజెప్పేవాడు. ప్రతి వాక్యం చివర ఒక సార్ తగిలించేవాడు, వద్దంటే ఇంకొకటి ఎక్కువ వేసేవాడు. ఆఖరి రోజు పొద్దున మాత్రం, నాకు ఇంగ్లీషు నేర్పింది మా తమ్ముడే అనడానికి ఏమంటారని అడిగాడు. ఆ వాక్యంతో నా ఎనిమిది సాంచాల అబద్ధం బయటపడిపోతుంది. అదెందుకన్నా, ఉద్యోగానికి పనికిరాదు, తీసెయ్ అన్నాను.

"గా మాట దీసేస్తే ఇంకేం మిగిలిందిరా? గదే అసలు మాట," అన్నాడు అన్న.

ఆ వాక్యం ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. మధ్యాహ్నమంతా ఆ ఒక్క వాక్యాన్నే అప్పజెప్పుకున్నాడు.

ఆరింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఫోను నేను పట్టుకున్నాను. అన్న సాంచాల దగ్గర అరిచే గొంతుతో గుడీవినింగ్ సార్ అన్నాడు. అక్కడే నా బొటనవేలు మైకు మూసేసింది. ఆలోచించి చేశానా, భయంతో చేశానా అని చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఎలా చేసినా చేసింది నేనే. అన్న నాలుగు నిమిషాలు, ఒక్క ముక్క తప్పకుండా, తెరకేసి చూస్తూ మాట్లాడాడు. తెర మీద ఎనిమిది మందీ చెవులు చూపిస్తున్నారు, చేతులు ఊపుతున్నారు. మా తమ్ముడే నేర్పాడన్న వాక్యం దగ్గర నావైపు తిరిగి, అది నాకే చెప్పాడు. అయిపోయాక ఫోను తీసుకుని గుమ్మం బయటికి వెళ్లి మైకు తెరిచి, సారీ, నెట్‌వర్క్ ప్రాబ్లం అన్నాను. రేపు చూద్దామన్నారు ఇంజనీరుగారు. లోపలికి రాగానే అన్న అడిగాడు.

"మంచిగ చెప్పిన్నా?"

"మస్తు చెప్పినవన్నా. అందరు మెచ్చుకున్నరు."

మర్నాడు, ఆ మనిషి మనసు మార్చుకున్నాడని ఇంజనీరుగారికి చెప్పాను. ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశారని అన్నకు చెప్పాను. రెండూ తడుముకోకుండా చెప్పాను, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. నా ఉద్యోగం నిలబడింది. సాంచాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక అన్న ఖటోదరా పనికే వెళ్లాడు.

ఒక మధ్యాహ్నం వదినకు జ్వరంగా ఉండి నేను సద్ది తీసుకెళ్లాను. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. మూతికి మాస్కు ఉంది. ఎవరికీ వినపడదు, ఎవరికీ కనపడదు అన్న ధైర్యంతో, అన్న ఎదురుగా నిలబడి, అన్నా ఆరోజు మైకు నేనే బంద్ చేసిన అన్నాను. అలాంటి ధైర్యం ఎవడికైనా ఉంటుంది. అన్న నా కళ్లకేసి చూశాడు. వేలుతో మాస్కు కిందికి లాగమని సైగ చేశాడు. లాగాను. మళ్లీ చెప్పమని గడ్డం ఎగరేశాడు.

"అన్నం సల్లారుతది," అన్నాను.

అన్న నా పెదవులు చదివాడు. తర్వాత తన మాస్కు దించి, చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాట నిదానంగా పెదవులు కదిపి చూపించాడు.

"అందరు చెవులు సూపిచ్చిండ్రు గదరా. సాంచాల కాడ గదే గద మా బాస."

మరి ఆఖరిదాకా ఎందుకు చెప్పావని నేనూ పెదవులతోనే అడిగాను.

"నువ్వు ఇంటున్నవ్ గద," అన్నాడు. అని, పక్క సాంచె మీద తెగిన పోగు అతకడానికి వెళ్లిపోయాడు.

మంచిగ చెప్పిన్నా అని ఆ సాయంత్రం అన్న అడిగింది, నేను నిజం చెప్పడానికి సందు ఇవ్వడానికేనని ఇంటికి వస్తుంటే దారిలో తెలిసింది. సిగ్గుతో సైకిలు దిగి నడిచాను.

రెండో చెవి ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. ఇప్పుడు అన్నకు ఏం చెప్పాలన్నా ఎదురుగా కూర్చుని, మొహం చూపించి చెప్పాలి. కూరల సంగతి చెబుతాను, కరెంటు బిల్లు సంగతి చెబుతాను. సారీ అన్న మాట ఇంగ్లీషు సాధనలో మొదటి రోజే నేర్చుకున్నాను, ఆ సాయంత్రం ఎనిమిది మందికి చెప్పాను కూడా. అన్నకు చెప్పబోయినప్పుడల్లా పెదవులు కదలవు. ఇన్నేళ్లయింది. అన్న చెప్పవలసింది ఆ నాలుగు నిమిషాల్లోనే చెప్పేశాడు, నేను వినడమే ఇంకా అవలేదు.