దీపం పెట్టాక ఉప్పు సీను

ఆ రోజుల్లో టీవీకి వెనకాల పెద్ద మూపురం ఉండేది, నాకు నడుం నొప్పి ఉండేది కాదు. ఇప్పుడు టీవీ పలచబడి గోడకి అతుక్కుపోయింది, నేను నడుంకి పట్టీ కట్టుకుని ఇది రాస్తున్నాను. పాతికేళ్ల క్రితం సెట్లు వేయడానికి మేకులూ సుత్తీ పట్టుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత ఓపిక ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో తెలీదు.

తాడేపల్లిగూడెంలో ఒక లోకల్ కేబుల్ చానెల్ వాళ్లు పాత బియ్యం గోడౌను అద్దెకి తీసుకుని సీరియల్ మొదలుపెట్టారు. కథంతా ఒక వీధి చిల్లర కొట్టు చుట్టూ తిరుగుతుంది. ఆ కొట్టు సెట్ బాగా కుదిరితే టైటిల్స్‌లో 'కళ' అని వేసి కింద నా పేరు వేస్తామన్నారు. జీతం మాట వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రైసుమిల్లులో గుమస్తా అయిన మా నాన్న, "మావాడిది అట్టముక్కలు కత్తిరించే ఉద్యోగమండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆయన ఆ పేరు ఒక్కసారి తెరమీద చదివితే చాలు, నాకింకేం అక్కర్లేదనిపించేది.

అట్టలతో, రంగులతో మొదట నేను కట్టిన కొట్టు చూసి డైరెక్టరు గారు (ప్రతి మాటకీ నిట్టూర్చేవారు కాబట్టి మాకు నిట్టూర్పు గారు) "మందుల షాపులా ఉందండీ" అని నిట్టూర్చారు. ఇక లాభం లేదని పెంటపాడులో చిల్లర కొట్టు నడిపే మా పిన్ని కాళ్లమీద పడ్డాను. "సామానిస్తాన్రా. దాంతోపాటు నేనూ వస్తాను" అంది. బిస్కెట్ల సీసాలు, షాంపూ పొట్లాల దండలు, అరటిగెల, కళ్లుప్పు బస్తా, చివరికి లక్ష్మీదేవి పటంతో సహా అన్నీ ట్రక్కు ఆటోలో గోడౌనుకి చేర్చి, అక్కడ ఎలా ఉన్నవి ఇక్కడ అలాగే సర్దాను. సీను సంధ్యవేళది. అందుకని పటం ముందు నిజం దీపమే వెలిగించి, మధ్యలో ఆరిపోకుండా ప్రమిద నిండా నూనె పోశాను. ఆ పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

తీరా చూస్తే కొట్టువాడి వేషం వేయాల్సిన నాటకాలాయన రాలేదు. సామానుకి కాపలాగా కూర్చున్న పిన్నిని చూసి డైరెక్టరు గారు "ఆవిడే కూర్చుంటారు" అన్నారు. సీను చిన్నదే. కొత్త కోడలు వచ్చి ఉప్పు అడగాలి, పిన్ని ఇవ్వాలి. కోడలి వేషం ఏలూరు నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిది.

"ఏవండీ, కేజీ ఉప్పివ్వండి" అంది అమ్మాయి.

పిన్ని కదల్లేదు. "దీపం పెట్టేశాం కదమ్మా. పొద్దున్నే రా, ఇస్తాను."

"కట్! నటనే కదండీ, ఇచ్చెయ్యండి" అన్నారు డైరెక్టరు గారు.

"నటన మీదండి, దీపం నిజమైందే కదండీ. లక్ష్మీదేవిని చేతులారా గడప దాటించమంటారా?"

"పోనీ, ఆ దీపం ఆర్పేయండి."

లైట్లు పట్టుకున్నతను చెవులు మూసుకున్నాడు. మేకప్ ఆవిడ లెంపలేసుకుంది. "అవేం మాటలండీ! అదంతటది కొండెక్కాలి గానీ" అంది పిన్ని.

అందరూ నా వంక చూశారు. నూనె నిండుగా పోసింది నేనే మరి. ఇక చేసేదేముంది, ఎక్కడివాళ్లం అక్కడ కూలబడ్డాం. డైరెక్టరు గారు మధ్యమధ్యలో లేచి వెళ్లి ప్రమిదలోకి తొంగిచూసి, నిట్టూర్చి వచ్చేవారు. (ఆ గాలికైనా ఆరుతుందేమోనని నాకు లోపల ఆశ.) పిన్ని మాత్రం ఉత్సాహంగా అందరికీ బఠాణీలు పంచింది. దీపం వెలుగుతూనే ఉంది. చివరికి ఏలూరు బస్సు వెళ్లిపోతుందని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే డైరెక్టరు గారు పూర్తిగా ఓడిపోయారు. "ఆవిడ ఏం చెబుతారో చెప్పనివ్వండి, తియ్యండి" అన్నారు. పిన్ని ఆ కోడలికి ఉప్పు ఇవ్వకుండా, లక్ష్మీదేవి గురించి తనివితీరా చెప్పి పంపించింది.

ప్రసారం రోజు సాయంత్రం నాన్నని బతిమాలి పెంటపాడు తీసుకెళ్లాను. పిన్ని కొట్టు వదిలేసి లోపల టీవీ ముందు కూర్చోవడంతో బేరాలు నా నెత్తిన పడ్డాయి. సరిగ్గా టైటిల్స్ వేళకి ఒకావిడ వచ్చి ఉప్పు అడిగింది. దీపాలు పెట్టేశామండీ అన్నాను. ఆవిడ ఊరుకుంటేగా! నచ్చజెప్పి పంపించి లోపలికి పరుగెత్తేసరికి తెరమీద పిన్ని కనిపిస్తోంది.

"నా పేరు వచ్చిందా?"

"ఉండరా, నన్ను చూసుకోనీ" అని విసుక్కుంది పిన్ని.

నాన్న కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "వచ్చిందిరా. లావు అక్షరాలతో వేశారు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు గోడౌనుకి వెళ్తే డైరెక్టరు గారు ఎప్పటికన్నా పొడుగ్గా నిట్టూర్చారు. "మీ పిన్నిగారి సీను సాగిపోయిందండీ. అందులో ఒక్క మాట తీయడానికి మనసొప్పలేదు. టైటిల్సే తీసేశాం, ఏమనుకోకండి."

ఆ తర్వాత చాలా సెట్లు వేశాను, చాలాసార్లు నా పేరు పడింది. ఈమధ్య కొట్టు సెట్ అంటే సీసాల బొమ్మలు అచ్చేసిన ఫ్లెక్సీ తెచ్చి కట్టేస్తున్నారు, దాని ముందు దీపం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. నాకూ వద్దని చెప్పే ఓపిక లేదు. నడుం పట్టీ బిగించుకుని ఇంటికొచ్చేస్తాను. టైటిల్స్‌లో నా పేరు వస్తున్నప్పుడు మాత్రం ఇప్పటికీ అక్షరాలు లావుగా ఉన్నాయా లేదా అని చూసుకుంటాను. నాన్న చదివినంత లావుగా ఇంతవరకూ ఎవరూ వేయలేదు.