ఉడకని దాల్చా, యూనివర్సిటీ చదువు

1957 జూన్‌లో నన్ను వికారాబాదు మిడిల్ స్కూలు నుంచి తాండూరు ఉన్నత పాఠశాలకు సైన్సు అసిస్టెంటుగా బదిలీ చేశారు. సైన్సు అసిస్టెంటంటే బి.ఎస్సీ., బి.ఎడ్. చేసి పై తరగతులకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే ఉపాధ్యాయుడు. హెడ్మాస్టరు కంటే కింద, తక్కిన అందరికంటే పైన అని మేము చెప్పుకునేవాళ్లం. తక్కినవాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఇల్లు వికారాబాదులోనే ఉంచి పొద్దున పాసింజరులో వచ్చి సాయంత్రం పాసింజరులో వెళ్లేవాణ్ణి. నేను చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో కాబట్టి బడిలోని తెలుగు సెక్షను, ఉర్దూ సెక్షను రెండూ నా నెత్తినే పడ్డాయి. ఒక గంట రసాయన శాస్త్రం, మరో గంట అదే పాఠం ఉర్దూలో కీమియా. ప్రయోగశాల అని బోర్డు పెట్టిన గదిలో ఒక బీరువా, ఒక పొడవాటి బల్ల, కొన్ని పరీక్షనాళికలు, వాటికంటే ఎక్కువ బల్లులు ఉండేవి. అయినా ఆ గది నాకు ప్రాణం. ఇప్పటికీ గంధకం వాసన తగిలితే ముందు అదే గుర్తొస్తుంది.

రెండేళ్లకు ఉర్దూ సెక్షను ఆఖరి తరగతిలో గౌస్ అనే కుర్రవాడు ఉండేవాడు. తెలివైనవాడే గాని రైల్వేలో గుమాస్తా పని దొరికితే చాలనుకునే రకం. తండ్రి మహబూబ్ అలీ పెళ్లిళ్లకు వండే బావర్చీ. చుట్టుపక్కల షాదీలకు ఆయన దాల్చా ఉండాల్సిందే. దాల్చా అంటే కందిపప్పు, సొరకాయ, మాంసం కలిపి వండేది. బగారా అన్నం పక్కన అది లేకపోతే విందు చేసినట్టే కాదు.

వాడు ఆ తరగతికి వచ్చే ముందు వేసవిలో పెద్దేముల్ దగ్గరి ఒక పల్లెలో బాగా ఉన్న పటేల్ ఇంట షాదీ. పప్పు వాళ్లే ఇచ్చారు, వాళ్ల చేలో పండిన కొత్త కంది. మహబూబ్ చిటికెడు తినే సోడా వేయబోతే పటేల్ తమ్ముడు అడ్డుపడ్డాడు. సోడా పాత పప్పుకు వేస్తారు, మా పప్పుకు అక్కర్లేదు అన్నాడు. మహబూబ్ మానేశాడు. పప్పు ఎంతకూ ఉడకలేదు. పెళ్లికొడుకు ఊరేగింపు, బారాత్, వచ్చి కూర్చుంది. చివరికి పప్పు పలుకులు పలుకులుగానే వడ్డించారు. కొత్త పప్పు దాచి పాతది పొయ్యి మీద పెట్టావని పటేల్ తమ్ముడు అందరి ముందూ అన్నాడు. బావర్చీ సంచులు విప్పించి వెతికించాడు. ఏమీ దొరకలేదు. కాని మాట నిలిచిపోయింది. తర్వాతి షాదీలకు మహబూబ్‌ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

బడి తెరిచాక ఒకనాడు గౌస్ ప్రయోగశాల గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“సార్, యూనివర్సిటీల కీమియా సదివితె, పప్పు కొత్తదా పాతదా చెప్పొస్తదా?”

ఎందుకని అడిగితే అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో కోపమే. ఇంత దానికి యూనివర్సిటీ దాకా ఎందుకు, ఇక్కడే తేల్చుకుందాం అన్నాను. నింద పడ్డాక, ఆ షాదీలో వండగా మిగిలిన పచ్చి పప్పు కొంచెం మహబూబ్ అడిగి రుమాలు కొంగున ముడివేసి తెచ్చుకుని ఉన్నాడు. గౌస్ ఆ పల్లెకు పోయి అదే బావి నీళ్లు కుండలో తెచ్చాడు. నేను బీరువాలోంచి డిస్టిల్డ్ వాటర్, అంటే ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు, తీశాను. పద్ధతి సులువు. పప్పు ఒకటే, మంట ఒకటే, నీళ్లు మాత్రం వేరు. తేడా వస్తే అది నీళ్ల తేడా. ప్రయోగంలో ఒక్కటి తప్ప మిగతావన్నీ సమానంగా ఉంచాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

స్కూల్లో పొయ్యి లేదు. ఒక ఆదివారం గౌస్ వాళ్లింట్లో పెట్టాం. వాడి తల్లి పరదా పాటిస్తుంది కనుక పొయ్యి లోపలి వాకిట్లో, మేము బయటి అరుగు మీద. నేను గడియారం పట్టుకుని దొరలా కూర్చున్నాను. సమయం కాగానే రెండు గిన్నెలూ బయటికి వచ్చాయి. రెండింట్లోనూ పప్పు వెన్నలా ఉంది!

గౌస్ ముఖం వాడిపోయింది. పప్పూ మంచిదే, నీళ్లూ మంచివే అయితే ఇక మిగిలింది వండినవాడే. మహబూబ్ తల వంచుకున్నాడు. గౌస్ పరదా వైపు తిరిగి అడిగాడు.

“అమ్మీ, గిన్నెలల్ల ఏమన్న ఏసినవా?”

“ఏమేస్త బేటా? రోజు ఏసేదే. జరంత సోడ,” అంది లోపలి నుంచి.

ఆ ఇంట్లో పప్పు పొయ్యెక్కితే సోడా పడవలసిందే. అది వేయడమని ఆమె అనుకోనే లేదు. ఉప్పు వేశావా అని అడిగినా అలాగే చెప్పేదేమో. మేమంతా ఒక్కసారిగా నవ్వేశాం. మహబూబ్ కూడా నవ్వాడు. సోడా లేకుండా మళ్లీ పెట్టించాం. డిస్టిల్డ్ వాటర్‌లో పప్పు మెత్తబడింది. బావి నీళ్లలో పలుకు పలుకుగా మిగిలింది. అంటే పప్పు కొత్తదే, తప్పు నీళ్లది, సోడా వేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. తాండూరు చుట్టూ ఉన్నది సున్నపురాయి. ఆ రాతిలోంచి ఊరిన నీటిలో సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. దాన్నే మేము కఠిన జలం అంటాం.

మర్నాడు ప్రయోగశాలలో ఆ బావి నీళ్లలో బట్టల సోడా ద్రావణం కొన్ని చుక్కలు వేసి చూపించాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. సున్నం విడిపోయిందని చెప్పి సమీకరణం రాశాను. గౌస్ దాన్ని చాలాసేపు చూశాడు.

“నీళ్ల సంగతి సమజైంది సార్. మరి గా సున్నం పప్పును ఏం చేస్తది? పప్పుల ఏముంటది గట్టిపడేటందుకు?”

నా పుస్తకాల్లో లేదని చెప్పాను. ఎక్కడుంటుందని అడిగాడు. యూనివర్సిటీలో అన్నాను. అప్పుడు వాడి గొంతులో కోపం లేదు.

పటేల్ దగ్గరికి వెళ్లి ఈ విషయం చెబుదామని నేనే మహబూబ్‌తో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“గిప్పుడు చెప్తె ఎవరింటరు మాస్టర్‌సాబ్? బావర్చీ కొడుకు, ఇంక బడికి పోయెటోడు. పెద్ద సదువు సదివి వచ్చి చెప్పనియ్యుండ్రి. అప్పుడు ఇంటరు.”

అలా రైల్వే గుమాస్తా ఆలోచన పక్కకు పోయింది. గౌస్ హైదరాబాదు వెళ్లి పి.యు.సి., తర్వాత బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ తీసుకున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు స్టేషనులో నన్ను పట్టుకుని, రైలు వచ్చేదాకా ప్రయోగాల గురించే మాట్లాడేవాడు. పప్పు కణాల మధ్య జిగురులాంటి పదార్థం ఉంటుందని, సున్నం తగిలితే అది బిగుసుకుంటుందని వాడే నాకు చెప్పాడు. నాకు గర్వంగా ఉండేది.

డిగ్రీ చేతికొచ్చిన ఏడాది రంజానుకు నన్ను ఇంటికి పిలిచారు. భోజనాలయ్యాక మాటల్లో, పటేల్ ఇంటికి ఎప్పుడు వెళ్తున్నావని గౌస్‌ను అడిగాను. వాడు ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి నవ్వాడు.

“గా ముచ్చటా సార్? యాది మర్చేపోయిన.”

మహబూబ్ ఎంగిలి పళ్లేల తట్ట తీస్తూ ఆగాడు.

“నాకు యాదున్నది బేటా. ఏ పొయ్యి ముట్టిచ్చినా యాదికొస్తది.”

గౌస్ లేచి తండ్రి చేతిలోంచి తట్ట తీసుకున్నాడు. ఆ వారమే ముగ్గురం పటేల్ ఊరికి బస్సెక్కాం. పటేల్ తమ్ముడు గౌస్ చెప్పింది మొత్తం విన్నాడు. అడ్డు మాట్లాడలేదు.

“సోడ వద్దన్నది నేనే. మహబూబ్, నీ తప్పు లేదు,” అన్నాడు. వినడానికి అక్కడ ఇద్దరు పాలేర్లు తప్ప ఎవరూ లేరు. సంచులు వెతికిన నాడు ఊరంతా ఉంది. మహబూబ్ సలాం చేసి బయటికి నడిచాడు. బస్సులో కిటికీ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. గౌస్ తాండూరు వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు యూనివర్సిటీకి వెళ్లే పిల్లలకు నేను ధ్రువపత్రాలు రాసిచ్చాను. ఏ సబ్జెక్టు, ఎందుకు అని అడగడం అందులో భాగం. ఆ బస్సు ప్రయాణం దాకా ఆ ప్రశ్న విద్యార్థినే అడిగేవాణ్ణి. విద్యార్థి కారణం మధ్యలో మారుతుంది, మారడమే మంచిది. చదువుకు పంపిన ఇంటివాళ్ల కారణం మారదు. అందుకని ఆ ప్రశ్న వాళ్లనూ విడిగా అడగడం మొదలుపెట్టాను.