రెండు ఫోన్లు, ఒక జత కాళ్లు

బాపట్ల స్టేషన్‌లో దిగి కాలేజీదాకా నడిస్తే పది ఆకులు. సైకిల్ మీద వస్తే ఎనిమిది. ఆటో ఎక్కితే సున్నా. మా కాలేజీ వాళ్లు పెట్టిన యాప్‌లో లెక్క అది. నడిచిన కొద్దీ ఫోను తెర మీద ఒక చెట్టుకు పచ్చటి ఆకులు మొలిచేవి. సెమిస్టరు చివర ఎవరి చెట్టు గుబురుగా ఉంటే వాళ్లకు కొత్త సైకిలు ఇస్తామన్నారు. ఇప్పుడు నా ఫోన్లో ఆ యాప్ తెరుచుకోదు. అయినా దాని బొమ్మ తీసేయడానికి చెయ్యి రావడం లేదు.

నేను తెనాలిలో బట్టల కొట్ల మధ్య పెరిగినదాన్ని. చెప్పిన ధర ఇచ్చేసి వెళ్లేవాళ్లను మా వీధిలో జాలిగా చూస్తారు. జాకెట్టు ముక్క కొన్నా, జామకాయలు కొన్నా, బేరం తెగాక పైన కొసరు పడితేగాని నాకు కొన్నట్టుండదు. యాప్ మొదలైన రోజే దాన్ని చూసే సారు దగ్గరకు వెళ్లి, తెనాలిలో మా ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచినదానికి కొసరు ఆకులేమైనా ఇస్తారా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసి, మళ్లీ పెట్టుకున్నారు.

నా పక్కన నవ్వు ఆపుకుంటూ నిలబడింది రేపల్లె పిల్ల. నేను అలాగే పిలిచేదాన్ని. ఆమెది రేపల్లెకు అవతల ఒక పల్లె. రోజూ వాళ్లన్నయ్య బండి మీద రేపల్లె స్టేషన్‌లో దింపితే రైల్లో తెనాలి వచ్చేది. అక్కడినుంచి ఇద్దరం బాపట్ల రైలెక్కేవాళ్లం. వేమూరు పొలాల గాలికి జడ రేగిపోయి తెనాలిలో దిగేది. ఆ అన్నయ్యకు చీరాలలో మగ్గాల పని కుదిరింది. అతను వెళ్లిపోతే స్టేషన్‌కు దింపేవాళ్లుండరు, చదువు మానేయమంటున్నారు ఇంట్లో. సైకిలొస్తే తనే తొక్కుకుంటూ వస్తుంది. ఇదంతా మొదటి వారమే రైల్లో చెప్పింది. నేను పల్లీలు వొలుచుకుంటూ ఒక చెవితో విన్నాను.

రెండో వారానికి నాకు నడక విసుగొచ్చింది. నా ఫోను ఆమె బ్యాగులో పడేసి ఆటో ఎక్కాను.

"నీకేం బరువే, ఫోనేగా" అన్నాను. ఆమె కాదనలేదు.

రెండు బట్టలు కలిపి పరిచి ఒకే కత్తెరతో కోసినట్టు, ఒకే నడకకు రెండు చెట్లు పెరిగాయి. కొట్లో పుట్టిన తెలివని మురిసిపోయాను. ఆటోలో ముందే చేరి, హాజరు మిషను మీద వేలు కూడా అందరికంటే ముందే పెట్టేదాన్ని.

అక్కడే దొరికిపోయాను. ఒకరోజు సారు ఇద్దరినీ పిలిచారు.

"నీ వేలు తొమ్మిదింటికే కాలేజీలో ఉందమ్మా. నీ కాళ్లు మాత్రం అప్పుడే స్టేషన్ దాటుతున్నాయి. ఏంటిది?"

ఇద్దరి ఆకులూ కొట్టేస్తానన్నారు. రేపల్లె పిల్ల నాతోపాటే బయటికొచ్చింది. బ్యాగులోంచి నా ఫోను తీసి, చున్నీతో తుడిచి, చేతికిచ్చింది.

మర్నాడు ఒక్కదాన్నే బేరానికి వెళ్లాను. ముందు ఇద్దరివీ సగం సగం తీసేయమన్నాను. కుదరదన్నారు. ఆమెవి పావు, నావి ముప్పావు అన్నాను. తల కూడా ఎత్తలేదు. బేరం తెగకపోతే లేచి గుమ్మందాకా వెళ్లాలి, కొట్టువాడే పిలుస్తాడు. మా నాన్న నేర్పిన విద్య ఇది. లేచాను. గుమ్మం దాటాను. ఎవరూ పిలవలేదు. వరండాలో కాసేపు నిలబడి నేనే వెనక్కి వచ్చాను.

"నావన్నీ తీసేయండి సార్. ఆమె నిజంగానే నడిచిందండి. ఆ సైకిల్ రాకపోతే చదువు మానేస్తుందండి."

"మరి నీ ఫోనెందుకు మోసింది?"

"నేను అడిగానండి. కాదనే రకం కాదు."

ఆయన కంప్యూటర్లో మా ఇద్దరి లెక్కా తిరగేశారు. ఆమె ఆకులు ఉంచుతానన్నారు. నావి పోతాయి, పైగా సెమిస్టరు అయ్యేదాకా నేను రోజూ నడవాలి, ఒక్క ఆకూ రాదు. జీవితంలో మొదటిసారి చెప్పిన ధరకు ఒప్పుకున్నాను.

ఆ నడకలే ఇప్పుడు గుర్తొస్తాయి. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ ఆవిరి, సముద్రం వైపునుంచి వచ్చే ఉప్పుగాలి, నాకంటే నాలుగడుగులు ముందు ఆమె, "ఆగవే" అంటూ నేను. ఆటోవాళ్లు నన్ను గుర్తుపట్టి, ఏంటమ్మా అలిగారా అని అడిగేవాళ్లు.

సైకిల్ ఆమెకే వచ్చింది. దాన్ని రేపల్లె చేర్చడానికి బస్టాండు దగ్గర ట్రాలీ ఆటో మాట్లాడాను. ఆ బేరం మాత్రం నేనే గెలిచాను. కాలేజీ నుంచి బయల్దేరాక, ఎక్కి తొక్కవే, నేను వెనకాల వస్తానన్నాను.

"నీకు ఆకులూ లేవు, సైకిలూ లేదు. తోడన్నా ఉండొద్దా" అని ఆమె హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూనే వచ్చింది. సైకిల్‌కు ఒక పక్క ఆమె, ఒక పక్క నేను. సీటు మీద కవరు ఇంకా తీయలేదు. బస్టాండు కనబడుతుండగా, ఇంకో వీధి చుట్టి వెళ్దామా అని అడిగాను. కొసరు అడగకుండా ఉండలేనుగా.

ఆమె సైకిల్‌ను పక్క వీధిలోకి తిప్పింది.