ముద్ర కొట్టిన బ్రేకులు

మా నాన్న ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. దుకాణాలకు వెళ్ళి తూకం రాళ్ళు పరీక్షించి, సరిగ్గా ఉన్నవాటి మీద ముద్ర కొట్టడం ఆయన పని. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్ళయింది గానీ ఆ చెయ్యి మాత్రం రిటైరు కాలేదు. మా ఇంట్లో గిన్నెల అడుగున, గొడుగు పిడి మీద, కుర్చీల కింద ఆయన ముద్ర ఉంటుంది, ఒక చుక్క, పక్కన రెండు గీతలు. గొడుగు బాగుచేయడానికి ఇస్తే వేరే గొడుగు తిరిగొస్తుందని ఆయన భయం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా రాలేదు. రాకపోవడానికి కారణం తన ముద్రేనంటాడు. అలాంటి మనిషితో వాదించి గెలిచినవాళ్ళెవరూ లేరు, నాతో సహా.

మా అమ్మ తమ్ముడికి రెండు వీధుల అవతల కార్లు బాగుచేసే షెడ్డుంది. మా పాత కారుకి ఆ మావయ్యే వైద్యుడు. ఆయన పనిచేస్తున్నంతసేపూ నాన్న పక్కనే నిలబడి ప్రతి నట్టునీ కళ్ళతో లెక్కపెట్టేవాడు. "అక్కని నీకిచ్చిన రోజే నిన్ను భరించాలని నా నుదుట రాసేశారు బావా" అని మావయ్య నవ్వేసేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంటికి కాఫీకి వచ్చేవాడు. వారమంతా అమ్మ మాటలు దాచుకునేది ఆ గంట కోసమే.

రెండు నెలల క్రితం ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. నాన్న కొత్తవి తనే కొని, ఒక పూట ఇంట్లో ఉంచుకుని, మర్నాడు మావయ్యకిచ్చాడు. ఆయన బిగించాడు. మూడో రోజు నుంచి కారు కీచుమనడం మొదలైంది. మలుపు దగ్గర మెల్లగా బ్రేకు నొక్కితే చాలు, వీధిలో వాళ్ళంతా చెవులు మూసుకునేవారు.

నాన్న తిన్నగా షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ కూర్చున్న ఇద్దరు ఖాతాదారుల ఎదుటే, "నేనిచ్చిన ప్యాడ్లేనా నువ్వు బిగించింది? పాతవి పెట్టి అవి దాచుకున్నావా?" అని గొంతెత్తి అడిగాడు. మావయ్య చేతులు తుడుచుకుంటూ, "నీకెలా తోస్తే అలా అనుకో బావా" అన్నాడట. అంతే. ఆ ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

"నిజాయితీపరుడైతే గట్టిగా అరవడూ? నోరు మెదపలేదంటేనే తెలుస్తోంది" అన్నాడు నాన్న. అరిచి ఉంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడనేవాడు. అమ్మ ఒక్క మాటే అంది: "నా తమ్ముడు దొంగైతే నేను దొంగకి అక్కని. ఇంట్లో గిన్నెలు కూడా లెక్కపెట్టుకోండి." ఆ తర్వాత ఆమె కారెక్కడం మానేసింది. నవ్వడం కూడా. నాకు నాన్న మీద ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఒక పొద్దున నాన్న జాకీ బయటికి తీశాడు.

"ఆ ప్యాడ్ల మీద నా ముద్ర కొట్టి ఇచ్చాను. చక్రం విప్పితే వాడి సంగతి తేలిపోతుంది."

"ముద్ర కొట్టావా? మావయ్యకిచ్చే వాటికి కూడానా?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడమ్మా. నేను పడతాను."

ముందు చప్పుడు ఎటువైపు నుంచో తేల్చాలన్నాడు. నేను కారుని నడక వేగంతో నడుపుతుంటే, ఆయన నడుం వంచి చక్రం పక్కనే చెవి పెట్టి నడిచాడు. ముందు రెండు వైపులా కూస్తోంది. మెల్లగా నొక్కితే కూస్తుంది, గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, నట్లు వదులు చేసి, జాకీతో లేపి, కింద ఇనుప స్టాండు పెట్టి చక్రం లాగేశాం. ప్యాడ్లని పట్టుకుని ఉండే ఇనుప దవడ బోల్టు విప్పి పైకెత్తాడు. ప్యాడ్లు బయటికొచ్చాయి. నేను టార్చి వేశాను.

ప్యాడ్ల వెనకవైపు ఇనుము మీద చుక్క, రెండు గీతలు. రెండో చక్రంలోనూ అంతే.

నాకు గంతులేయాలనిపించింది. నాన్న మొహం మాత్రం పందెం ఓడినవాడిలా అయింది. ప్యాడ్లు ఒరుసుకునే డిస్కు చేత్తో తడిమాడు, నున్నగా ఉంది. ప్యాడ్ల మందం కొలిచాడు, కొత్తవాటిలాగే ఉంది. దేవుడా, ఇంకైనా ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన ప్యాడ్లు కొన్న అట్టపెట్టె తెచ్చి, దాని మీది బొమ్మని పట్టి పట్టి చూశాడు.

"ఇదిగో! ప్రతి ప్యాడ్ వెనకా పల్చటి రేకు ఉండాలి. అదురు తగ్గించడానికి. ఇక్కడ ఒక్కటీ లేదు. ప్యాడ్లు వదిలేసి రేకులు కొట్టేశాడు!"

నేను బొమ్మ చూశాను, ముద్ర చూశాను.

"నాన్నా, రేకు ఇనుము మీద అతుక్కుని ఉంటుంది కదా. మరి రేకు ఉండగా దాని కింద ముద్ర ఎలా కొట్టావు?"

ఆయన టార్చి నా చేతిలోంచి తీసుకుని లోపలికెళ్ళాడు. మేకులు దాచే డబ్బా గలగలమంది. తిరిగొచ్చినప్పుడు చేతిలో నాలుగు పల్చటి రేకులున్నాయి.

"ప్యాకింగు అనుకున్నా" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఉన్నవి ఉన్నట్టే బిగించి, మధ్యాహ్నం షెడ్డుకి బయలుదేరాం. విషయం విన్న అమ్మ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. షెడ్డులో ముగ్గురు ఖాతాదారులున్నారు. నాన్న మావయ్యకి దగ్గరగా వెళ్ళి, రేకులు చేతిలో పెట్టి, గుసగుసగా చెప్పాడు.

"బిగించిన రోజే చూశాను బావా, లేవని" అన్నాడు మావయ్య.

"మరి అడగలేదేం?"

"రేకులేవీ అంటే, నువ్వే కాజేసి నన్నడుగుతున్నావా అనేవాడివి. అనేవాడివా, కాదా?"

నాన్న ఒప్పుకున్నాడు. "అనేవాణ్ణి."

"ఆ రోజు ఇంత మెల్లగా అడగలేదు బావా నువ్వు."

నాన్న మొహం నల్లబడింది. గొంతు సవరించుకుని, షెడ్డంతా వినపడేలా, "ఈయన నా సామాను ఏదీ తీయలేదు. తీసింది నేనే. నింద వేసింది కూడా నేనే" అన్నాడు. ఆ ముగ్గురూ తలెత్తి, ఏమీ అర్థంకాక మావయ్య వైపు చూశారు.

"ఆ రోజు విన్నవాళ్ళు వీళ్ళు కాదు" అన్నాడు మావయ్య. "వాళ్ళిద్దరూ మళ్ళీ నా షెడ్డుకి రాలేదు."

కార్లో అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నాన్న కారు తలుపు తీశాడు.

"ఎక్కు. వాళ్ళ ఇళ్ళు చూపించు."

"ముందు రేకులు వెయ్యనీ బావా, అరగంట పని."

"తర్వాత. ముందు వాళ్ళ ఇళ్ళు."

మావయ్య అక్క వైపు చూశాడు. ఆమె జరిగి చోటిచ్చింది. దారిలో ప్రతి మలుపులోనూ కారు కీచుమంటూనే ఉంది. మొదటి ఇంటి ముందు నాన్న బ్రేకు నొక్కగానే, ఆ చప్పుడుకి ఇంటాయన తనే బయటికొచ్చాడు.

"ఇది నా వల్లేనండీ" అంటూ నాన్న కారు దిగాడు.