ఏజెంటు కాగితంలో లేని మాట

ఆకివీడులో రైలెక్కి నా పక్కన కూర్చున్నావిడ, బైబిల్లోంచి మడతపెట్టిన కాగితం తీసి గొణుక్కోసాగింది. అందులో తెలుగు అక్షరాలతో రాసిన ఇంగ్లీషు వాక్యాలున్నాయి. నేను అనంతపురంలో ఇంగ్లీషు టీచర్నని చెప్పగానే ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇంటిపనికి కువైట్ వెళ్తున్నానండీ. ఏజెంటు గారు ఇవి బట్టీ పట్టమన్నారు. కాస్త వింటారా అండీ?"

పేరు సువార్తమ్మట. రొయ్యల షెడ్డులో పనిచేసి చేసి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"యస్ మేడమ్ అండీ. సారీ మేడమ్ అండీ. వర్క్ ఫినిష్ మేడమ్ అండీ."

నాకు నవ్వొచ్చింది. "ఇంగ్లీషులో అండీ అక్కర్లేదమ్మా," అన్నాను.

"అది లేకపోతే కసిరినట్టుంటుంది కదండీ?"

కాగితం చివరిదాకా చదివాక నా నవ్వు పోయింది. ఉన్నవన్నీ సరేనని ఒప్పుకునేవి, లేదంటే క్షమించమనేవి. ఆకలేస్తోందని గానీ, ఒంట్లో బాగాలేదని గానీ చెప్పే మాట ఒక్కటీ లేదు.

"ఇంకేమైనా నేర్చుకుంటారా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు కిటికీ బయట చేపల చెరువులకేసి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నన్ను ఇంటికి పంపించెయ్యండి అని ఎలా అనాలండీ?" అంది.

చెప్పాను. కైకలూరు వచ్చేదాకా అదొక్కటే వల్లెవేసింది. "సెండ్ మీ హోమ్ అండీ." ఈసారి నేను దిద్దలేదు.

మర్చిపోకుండా కాగితం మీద రాసిస్తానని పెన్ను తీశాను. ఆవిడ గబుక్కున కాగితం లాక్కుని బైబిల్లో పెట్టేసుకుంది.

"వద్దండీ. ఏజెంటు గారు చూస్తారు."